జోగులు డ్రమ్ము

నేను ఒక వెల్డింగు తీగని. తీగ అనగానే మల్లెతీగో వీణతీగో అనుకుని ముచ్చటపడిపోకండి. ఇనప తీగని. పోనీ నిండుగా ఇనుమేనా అంటే అదీ కాదు, లోపల డొల్ల. ఆ డొల్లలో ఇనప పొడి దట్టించారు. గుత్తివంకాయలో కారం కూరతారే, అలాగన్నమాట. పల్చటి ఉక్కు పట్టీని దొప్పలా వంచి, అందులో పొడి పోసి, అంచులు దగ్గరికి నొక్కి, ఒకదాని తరవాత ఒకటి సన్నటి బెజ్జాల్లోంచి బరబరా లాగారు. లాగినప్పుడల్లా సన్నబడ్డాను, పొడుగయ్యాను. నొప్పెయ్యలేదా అంటే, లేదు. నాకు అలాంటివేవీ పెద్దగా తెలియవు. చుట్ట చుట్టి, ప్లాస్టిక్ సంచీలో మూటగట్టి, అట్టపెట్టెలో పడేస్తే పడున్నాను.

గాజువాక ఆటోనగర్లో రామభద్రరాజు గారికి ఒక షెడ్డుంది. కంప్రెషర్లకి గాలి ట్యాంకులు చేస్తారు. షాపువాడెవడో నా గురించి ఆయనకి ఊదరగొట్టాడు. ఈ పొడి కూరిన తీగ నిండు తీగ కన్నా తొందరగా కరుగుతుందండీ, పని చకచకా అయిపోతుందండీ అని. తొందరగా అన్న మాట వింటే చాలు, మనుషులు సంచీ తెరిచేస్తారు. రాజుగారూ తెరిచారు. అలా నేను ఆ షెడ్డుకి వచ్చాను.

నా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే మీకు మిగతాదేదీ అర్థం కాదు. మా వెల్డింగులో మెరుపులుండవు, నిప్పురవ్వలుండవు. ట్యాంకు అతుకు మీద ఒక చిన్న బండి నడుస్తుంది. బండి ముందు గొట్టంలోంచి ఫ్లక్సు అనే గింజల పొడి రాలుతూ అతుకుని కప్పేస్తుంది. ఆ గుట్ట కింద, ఎవరికీ కనపడకుండా, నేను కరిగి అతుకులో కలిసిపోతాను. నా మీద ఉన్న ఫ్లక్సు కొంత కరిగి చిట్టెం కట్టి పెచ్చుగా ఊడిపోతుంది. కరగని గింజల్ని ఎత్తి, జల్లించి, మళ్ళీ వాడతారు. అందులో తప్పేమీ లేదు. కానీ తీగకీ ఫ్లక్సుకీ జాతకాలు కుదరాలి. ఫ్లక్సులన్నీ ఒకటి కావు. ఒక రకం తన గుణమంతా అతుకులో పోసేస్తుంది. పల్చటి రేకుకి, ఒక్క వరస అతుక్కి అది మంచిదే. దళసరి రేకు మీద వరస మీద వరస వేసేటప్పుడు అదే వాడారనుకోండి, ప్రతి వరసకీ అతుకు బిరుసెక్కి చివరికి గాజులాగ పెళుసైపోతుంది. రెండో రకం నెమ్మదైనది, తనదేదీ అతుక్కి అంటించదు. కాకపోతే దానికి తేమ పడదు, వాడే ముందు ఓవెన్లో ఆరబెట్టాలి.

నేను వచ్చేసరికి ఆ షెడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు. కిందటేడు ఒక ట్యాంకుకి గాలి నింపి పరీక్షిస్తుంటే అతుకు విడిపోయింది. పక్కనే నిలబడి, గాలి ఎక్కడైనా కారుతోందేమోనని సబ్బునీళ్ళు రాస్తున్న జోగులు అక్కడికక్కడే పోయాడు. ఫ్లక్సూ తీగలూ చూసుకునే స్టోరు పని కూడా అతనిదే. ఆ అతుకు వేసింది దాలినాయుడు. దాలినాయుడికి జోగులు తోడల్లుడు. అక్కచెల్లెళ్ళని చేసుకున్నారు.

విచారణ అన్నారు. ఒక పెద్దమనిషి వచ్చి, విరిగిన అతుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఆపరేటరు చెయ్యి సరిగ్గా లేదని తేల్చి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. చెయ్యి సంగతి అడిగారు గానీ, ఆ రోజు ఏ ఫ్లక్సు పోశారని ఒక్కరూ అడగలేదు. మనుషులకి తప్పు ఎక్కడుందో కన్నా ఎవరిదో తెలిస్తేనే నిమ్మళం.

రాజుగారు మంచాయనే. దాలినాయుణ్ణి పనిలోంచి తియ్యలేదు. జోగులు భార్య ముత్యాలుకి మొగుడి స్టోరు పని ఇచ్చారు. అయితే ఏమైందంటే, తన మొగుణ్ణి చంపాడని ముత్యాలు నమ్మిన మనిషి ఎదురుగానే ఆవిడ రోజంతా పనిచెయ్యాలి. దాలినాయుడు బండి నడుపుతాడు. ఆవిడ వెనకాలే వచ్చి కరగని ఫ్లక్సు ఎత్తుకుపోతుంది. ఒక్క మాటుండదు. ఆవిడ మొగుడు పోయినరోజు కూడా ఏడవలేదట. ఇంకా ఏడవలేదని షెడ్డులో గుసగుసలాడుకునేవారు. దాలినాయుడు మాత్రం ఏం తక్కువ? తింటాడు, పని చేస్తాడు, అడిగితే తలూపుతాడు. అప్పుడప్పుడు బండి ఆపి తన రెండు చేతులూ ఎవరివో అన్నట్టు చూసుకుంటాడు. వాళ్ళిద్దరి మధ్యా చుట్ట చుట్టుకుని కూర్చున్న నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. మా ముగ్గురికీ బాగానే సరిపోయింది.

నాకు ఏ ఫ్లక్సు జతచెయ్యాలో తేల్చడానికి రాజుగారు హైమ అనే ఇంజనీరమ్మని పిలిపించారు. సన్నగా ఉంటుంది, మాట ఖరాఖండీ. ఆవిడ నెమ్మది రకం కొత్త ఫ్లక్సు కొనాలంది. రాజుగారి మొహం ముడుచుకుంది.

"కొత్తదెందుకమ్మా? మన డ్రమ్ము నిండా ఉంది కదా! మా జోగులు ఒక్క గింజ పారేసేవాడు కాదు. పోయినోడి పుణ్యమా అని ఇప్పటికీ వాడుకుంటున్నాం."

ఆ డ్రమ్ముని జోగులు డ్రమ్మనే అంటారు. ఏటేటా ఆయుధపూజకి మిషన్లతో పాటు దానికీ పసుపూ కుంకుమా పెడతారు. ఒక దసరాకి రాజుగారు పదిమందిలో జోగులికి శాలువా కప్పి, వృథా అంటే తెలియని మనిషి అని మెచ్చుకున్నారట. ఇప్పుడు ముత్యాలు దాన్ని దేవుడి బిందెలాగ చూసుకుంటుంది. తుడవని రోజుండదు. మూత మాత్రం ఉండదు, ఎప్పుడూ లేదు.

హైమ డ్రమ్ములో చెయ్యి పెట్టి దోసెడు గింజలు తీసి వెలుగులోకి పట్టుకుంది. సగం బూడిదరంగు గింజలు, సగం నల్లవి.

"ఇవి రెండు రకాలు కదా! ఎవరు కలిపారు?"

ముత్యాలు మొహంలో కాస్త వెలుగొచ్చింది. మొగుడి గురించి అడిగితే తప్ప ఆవిడ మాట్లాడదు. "మా ఆయన పెట్టిన పద్దతేనమ్మా. పల్చటి రేకుల మిషను కింద మిగిలిందీ, ఈ దళసరి మిషను కింద మిగిలిందీ జల్లించీసి ఇందులోనే పోసీవోడు. దేనికది ఇడిగా పెడితే అడుగూ బొడుగూ పాడైపోద్దని. నానూ అలాగే పోస్తన్నాను."

 హైమ గింజల్ని మళ్ళీ డ్రమ్ములోకి వదిలి చేతులు దులుపుకుంది. తరవాత దాలినాయుడి దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది. "ఆ ట్యాంకుకి వాడింది ఈ డ్రమ్ములో ఫ్లక్సేనా?"

"అవునమ్మా."

"దళసరి రేకేనా?"

"అవును."

అంతే. ఆవిడ దళసరి ముక్కలు తెప్పించింది. నన్ను బండికి ఎక్కించారు. మొదటి ముక్క దాలినాయుడే, డ్రమ్ము ఫ్లక్సుతో వేశాడు. రెండో ముక్క ఓవెన్లో ఆరబెట్టిన కొత్త ఫ్లక్సుతో, అదీ అతనే. మూడోది వెయ్యడానికి పక్క షెడ్డు నుంచి కరీముల్లా అనే ఆపరేటరుని పిలిచింది. మంచి పనివాడని పేరున్న మనిషి. అతనికి మళ్ళీ డ్రమ్ము ఫ్లక్సు ఇచ్చింది. మూడింట్లోనూ కరిగింది నేనే. మూడూ పైకి నున్నగా, చూడ్డానికి భేషుగ్గా ఉన్నాయి. చల్లారాక కూడా వెంటనే వంచనివ్వలేదావిడ. ఈ జాతి పగుళ్ళు నిదానంగా పుడతాయి, ఉండండి అంది.

ఆగి, ఆగి, వాటిని వంచే మిషన్లో పెట్టారు. ముక్కని యూ ఆకారంలో వంచితే అతుకు మంచిదైతే సాగుతుంది, చెడ్డదైతే నోరు తెరుస్తుంది. ముత్యాలు స్టోర్లో ఉంది. ఇటు రాజుగారు, హైమ, కరీముల్లా, దాలినాయుడు నిలబడ్డారు.

దాలినాయుడి మొదటి ముక్క సగం వంగకుండానే ఫట్మని విరిగింది. అతను తలొంచుకున్నాడు. "ఆళ్ళు సెప్పింది నిజమేనమ్మా, నా సెయ్యే," అన్నాడు. ఏడాదిగా అతని నోటంట వచ్చిన పెద్ద మాట అదే.

"ఉండండి నాయుడుగారూ," అంది హైమ.

కరీముల్లా వేసిన ముక్క పెట్టారు. అదీ ఫట్మంది. అదే చోట, అదే తీరుగా. కరీముల్లా అరె అంటూ వెనక్కి తగ్గాడు. చివరికి దాలినాయుడు కొత్త ఫ్లక్సుతో వేసిన ముక్క పెట్టారు. వంగింది. ఇంకా వంగింది. పూర్తిగా మడతపడినా దాని మీద వెంట్రుకంత గీత కూడా లేదు.

 రాజుగారు మెల్లిగా వెళ్ళి కుర్చీలో కూలబడ్డారు. తను శాలువా కప్పింది దేనికో ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది. "ఓరి భగవంతుడా," అన్నారు.

హైమ చెప్పింది. "మీ చెయ్యి కాదండీ. ఆ రోజూ కాదు, ఈ రోజూ కాదు. ఆ డ్రమ్ము. రెండు రకాలు కలిపి, మూత లేకుండా గాలి తేమలో పెట్టారు. ఈ వంచిన ముక్కలు తీసుకెళ్ళి విచారణ చేసిన పైవాళ్ళకి నేనే చూపిస్తాను. మీ పేరు మీద ఉన్న మాట చెరిపేయిస్తాను."

దాలినాయుడు ఎగిరి గంతేస్తాడని కరీముల్లా అనుకున్నట్టున్నాడు, భుజం మీద చెయ్యి వేశాడు. దాలినాయుడు గంతెయ్యలేదు. చేతులకేసి చూసుకున్నాడు. తనవేనని నమ్మడానికి చాలాసేపు పట్టింది. సంతోషం రావాలి. ఏడాదిపాటు ఎదురుచూసిన మాటే కదా! రాలేదు. ఎందుకు రాలేదో నాకు వెంటనే తట్టలేదు, అతనికి తట్టింది. డ్రమ్ము అంటే జోగులు.

సరిగ్గా అప్పుడే ముత్యాలు చేటలో ఫ్లక్సు పట్టుకుని వచ్చింది. విరిగిన ముక్కలు చూసింది. అందరి మొహాలూ చూసింది. "ఏటమ్మా? మా డ్రమ్ములో ఏటైనా ఉందా?" అంది.

హైమ నోరు తెరిచింది. అంతలో దాలినాయుడు అడ్డొచ్చాడు.

"ముత్యాలూ." ఏడాది తరవాత ఆమెని పేరు పెట్టి పిలిచాడు. "ఆ రెండు రకాలూ కలపమన్నది నానే. పద్దతి ఆడిది కాదు. నానే బలవంతం సేసేను."

ముత్యాలు చేతిలో చేట వంగి గింజలు జలజల రాలాయి.

"ఆయనేటన్నాడు బావా?"

"వొద్దన్నాడు. దళసరి దానికి ఇది పనికిరాదు అన్నాడు. నాను ఇనలేదు."

"వొద్దన్నాడా?"

"వొద్దన్నాడు."

ఆవిడ నేల మీద చతికిలపడింది. "ఓలమ్మో! ఆయనకి తెలుసు! నా తండ్రికి తెలుసు! సెప్పినా ఇనుకోకుండా సంపీసినావురా బావా!" అని గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. షెడ్డు రేకులు అదిరేలా ఏడ్చింది. ఏడాది నుంచి గడ్డకట్టిందంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. లేచి, ఆ డ్రమ్ముని రెండు చేతులా పట్టి కిందికి తోసేసింది. బూడిదా నలుపూ కలిసిన గింజలు గచ్చంతా పరుచుకున్నాయి. పిడికెళ్ళతో తీసి దాలినాయుడి మొహాన కొట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

తరవాత హైమ అతన్ని పక్కకి పిలిచింది.  "ఎందుకండీ అబద్ధం? మీ తప్పు కాదని ఇప్పుడే కదా తేలింది! నేను మీ పేరు ఎలా నిలబెట్టాలి?"

"ఇంకెవులూ అలా కలపకుండా మీరు సూసుకోండమ్మా, అది సాలు. పేరుకేటి..." దాలినాయుడు మొహం మీది గింజలు దులుపుకున్నాడు. "దానికి మొగుడు ఒక్కసారే సచ్చేడు. ఆడి సేతుల్తోనే సచ్చేడని సెప్పి మళ్ళీ సంపమంటారా? నన్ను తిట్టుకోనీండి. తిట్టడానికి నానున్నాను కదా."

హైమ ఆ వంచిన ముక్కల్ని అక్కడే వదిలేసింది. రాజుగారు తలెత్తలేదు. కొత్త ఫ్లక్సు బస్తాలు దిగాయి, ఒక్కో రకానికి మూతలున్న డబ్బాలు వేరేగా వచ్చాయి. దాలినాయుడు నన్ను ఎక్కించి కొత్త ట్యాంకు అతుకు వేశాడు. మంచి అతుకు. నేను చాలావరకు ఆ ట్యాంకులోనే ఉన్నాను. అది ఎక్కడికి పోయిందో తెలియదు, పగలదని మాత్రం తెలుసు. ముత్యాలు ఇప్పుడు మాట్లాడుతోంది. అంటే, తిడుతోంది. పొద్దున్న రాగానే ఒక విడత, అన్నాల వేళ ఒక విడత. మధ్యలో ఎవరితోనో నవ్వడం కూడా విన్నాను. మా ఆయనకి ఎంత తెలివనుకున్నారు, ఆ రోజే వొద్దన్నాడు, ఈ బావగాడు వింటేనా అని చెప్పుకుంటుంది. చెప్పినప్పుడల్లా మొగుడికి ఇంకాస్త తెలివి చేరుస్తుంది. దాలినాయుడు తలూపుతాడు.

చుట్టలో అడుగున నాలుగు మూరలు మిగిలాను. అంత చిన్న ముక్క మిషనుకి పనికిరాదు, తీసి షెడ్డు వెనక తుక్కులో పడేశారు. అందరూ అన్నాలకి వెళ్ళినప్పుడు దాలినాయుడు ఒక్కడే అక్కడికి వచ్చాడు. లుంగీ మడతలోంచి ఏదో తీశాడు. కరీముల్లా వేసిన ముక్క, అదే, ఫట్మని విరిగి దాలినాయుడి చెయ్యి మంచిదని చెప్పిన ముక్క. రెండు చెక్కల్నీ ఒకసారి కలిపి పట్టుకుని చూశాడు. బొటనవేలితో పగులు తడిమాడు. అప్పుడేడ్చాడు. చప్పుడు లేకుండా, నోరు మూసుకుని. బాధేసింది నాకు. ఆ మాట చెప్పడానికి ఎందుకో మొహమాటంగా ఉంది, కానీ వేసింది.

తరవాత వాటిని నా మీద పడేసి, పైన ఇంకొన్ని రేకుముక్కలు లాగి కనపడకుండా కప్పి, చేతులు కడుక్కుని అన్నానికి వెళ్ళాడు. మర్నాడు తుక్కువాడు వచ్చి అందర్నీ కలిపే కాటాలో వేశాడు. విరిగిన చెక్కని చేత్తో తిరగేసి, మంచి ఇనుమేనండీ, ఏం లోటొచ్చిందని పారేశారు అన్నాడు. ఎదురుగా నిలబడ్డ దాలినాయుడు, ఏమో బాబూ, మాకు తెలీదు అన్నాడు.