గాలం కుర్చీ

మా అన్నయ్యా, మా ఆయనా కలిసి సముద్రం మధ్యలో ఉన్న ఒక దీవికి చేపలు పట్టడానికి వెళ్ళాలని అనుకుని ఏడాది దాటింది. ఈ ఏడాదిలో ఇద్దరూ కలిసి పట్టిన చేప ఒక్కటీ లేదు. కొన్న గాలాలు మాత్రం ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా గుచ్చుకుంటున్నాయి. సొరుగులో దువ్వెన కోసం వెతికితే గాలం, సోఫా మీద కూర్చుంటే గాలం. ఇవన్నీ తీసి వీధిలో పారేస్తానని నేను అనని వారం లేదు.

ఇద్దరిదీ లిఫ్టులు బాగుచేసే పని. మా నాన్న పెట్టిన వర్క్‌షాపునే కలిసి నడుపుతున్నారు. బావా అంటే బావా అనుకుంటూ ఒకరి మాట ఒకరు జవదాటరు, మధ్యలో నా మాట ఇద్దరిలో ఎవరికీ చెవికెక్కదు. అసలు ఈ ప్రయాణం మాట ఎత్తింది మా ఆయన. ఊరికే ఎత్తలేదు, దానికో కారణం ఉంది.

కిందటేడు ఒక అపార్ట్‌మెంట్‌లో అన్నయ్య బాగుచేసిన లిఫ్టు, బాగుచేసిన రోజే జారింది. లోపల ఒక పెద్దావిడ ఉంది. సగం అంతస్తు జారి, బ్రేకు పట్టుకుని ఆగింది. ఆవిడకు చిన్న గీత కూడా పడలేదు. కొత్తగా వచ్చిన పుల్లీలోనే లోపం ఉందనీ, మెకానిక్ తప్పు లేదనీ విచారణకు వచ్చినవాళ్ళు తేల్చేశారు. అయినా ఆ రోజు నుంచి అన్నయ్య లిఫ్టు ముట్టుకోలేదు, ఎక్కలేదు. వర్క్‌షాపులో ఫోన్ దగ్గర కూర్చుంటాడు. ఎన్నో అంతస్తుకు వెళ్ళాల్సి వచ్చినా మెట్లే. లిఫ్టు మెకానిక్ ఆయాసపడుతూ మెట్లెక్కి వస్తుంటే జనం ఊరుకుంటారా? మెట్లాయన అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే నాకు ఒళ్ళు మండేది. అన్నయ్యకు మండకపోవడం చూసి ఇంకా మండేది. ఒకప్పుడు ఆయనకు కోపం ముక్కు మీదే ఉండేది మరి.

గదిలో ముడుచుకుపోతున్న మనిషిని ఎలాగైనా బయటికి లాగాలని మా ఆయన ఈ దీవి సంగతి తెచ్చాడు. అన్నయ్య దానికే అతుక్కుపోయాడు. వర్క్‌షాపు గోడ మీద దీవి పటం వెలిసింది. ఏ వేళకు పోటు, ఏ వేళకు ఆటు, ఏ చేప ఏ ఎరకు లొంగుతుంది, అన్నీ కంఠతా వచ్చేశాయి. అక్కడ పడవ నడిపే మనిషితో ఫోన్లో రోజూ కబుర్లే. ఆ మనిషి భార్య మోకాళ్ళ నొప్పులకు ఏ మందు పనిచేసిందో కూడా మాకు తెలుసు.

తీరా తేదీ దగ్గర పడేసరికి ఏదో ఒకటి అడ్డం వచ్చేది. దారం గట్టిది కాదేమో అనేవాడు అన్నయ్య. లైఫ్ జాకెట్ బకిల్ వదులుగా ఉందనేవాడు. మొదటిసారి నిజమేననుకున్నాం. రెండోసారికి మా ఆయన మొహం వేలాడేసుకున్నాడు. ఆ తర్వాత నాకు అర్థమైపోయింది, అన్నయ్య గాలిలో మేడలు కట్టడమే కానీ గడప దాటడు. లిఫ్టు జారిన భయం వదల్లేదు, అందుకే కదిలేది ఏదీ ఎక్కలేకపోతున్నాడని నేనూ, మా ఆయనా వంటింట్లో గుసగుసలాడుకునేవాళ్ళం.

ఇంతలో దీవి పడవాయన కబురు పెట్టాడు. పెద్ద చేపలు వచ్చే రోజులు మొదలయ్యాయట, ఆదివారం సాయంత్రంలోగా వస్తున్నదీ లేనిదీ తేల్చకపోతే పడవ వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడట. ఇంకో మాట కూడా అన్నాడు. పెద్ద చేప తగిలితే మనిషిని నీళ్ళలోకి లాగేస్తుంది, పడవకు బిగించిన కుర్చీలో బెల్టు పెట్టుకుని కూర్చోవాలి, ఆ కుర్చీ తన దగ్గర లేదు, తెచ్చుకోగలిగితే తెచ్చుకోమన్నాడు.

ఆ కుర్చీ అన్నయ్య చేశాడు. పాత లిఫ్టులో ఆపరేటర్ కూర్చునే స్టూలు ఒకటి వర్క్‌షాపులో మూలన పడి ఉంటే, దానికి వీపు ఆనుకునే చట్రం అతికించి, కాళ్ళు తన్నిపెట్టుకునే కమ్మీ వేసి, నడుముకు బెల్టు కుట్టించాడు. ఏడాది తర్వాత ఆయన చేతిలో స్పానర్ చూసి మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. నాకూ గుండె నిండిపోయింది. ఈసారి వెళ్తే మా అన్నయ్య మాకు దక్కుతాడు, వెళ్ళకపోతే ఆ ఫోన్ దగ్గరే ముసలివాడైపోతాడు. నాకు అంత కచ్చితంగా అనిపించింది.

ఆదివారం పొద్దున్నే కుర్చీ మోసుకుని మా ఊరి ఏటి రేవుకు వెళ్ళాం. రేవులో మోటారు పడవ నడిపే మనిషి మా ఆయనకు తెలిసినవాడే. కుర్చీని తన పడవకు బిగించి చూసుకోమన్నాడు. అన్నయ్య పడవలోకి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో బోల్టూ బిగించాడు. పడవ ఊగుతూనే ఉంది. ఆయన దాన్ని పట్టించుకోనే లేదు. కదిలేవంటే భయమనుకున్నామే, మరి ఇదేమిటని నేను ఆలోచిస్తూనే ఉన్నాను. అంతలో పైకి వచ్చేసి, చేతులు తుడుచుకుంటూ, ఒక బోల్టు తల సరిగా కూర్చోలేదు, దీవి సంగతి వచ్చే ఏడాది చూద్దామన్నాడు.

నాకు తిక్క రేగింది. లిఫ్టు పనిలో మా నాన్న పెట్టిన నియమం ఒకటుంది. బాగుచేసిన లిఫ్టును ఎవరు బిగించారో వాళ్ళే మొదట ఎక్కాలి. బిల్డింగ్ యజమాని తొందరపెట్టినా సరే, ఇంకెవర్నీ ఎక్కనివ్వకూడదు. ఆ మాటే అందుకున్నాను.

"బిగించింది నువ్వే కదా. వెళ్ళి కూర్చో అన్నయ్యా. బాగుందో లేదో తేలిపోతుంది."

అన్నయ్య తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు.

"ఆ రోజు నేను ముందు ఎక్కలేదు."

నాకు అర్థం కాలేదు. మా ఆయనకు అర్థమైనట్టుంది, చేతిలో తాడు కింద పెట్టేశాడు.

"ఆవిడ సంచులు మోసుకుంటూ వచ్చింది. పెద్దావిడ కదా అని తలుపు పట్టుకుని, ముందు మీరు ఎక్కండమ్మా అన్నాను. పుల్లీ ఎవరిదైతేనేం, నేను ఎక్కి ఉంటే ఆ జారేదేదో నాతో జారేది. విచారణలో ఇది ఎవరూ అడగలేదు. అది నాన్న నియమం, వాళ్ళకేం తెలుసు?"

"సరే, ఇప్పుడు కూర్చో. ఇప్పుడు ముందు నువ్వే కదా."

"నేను కూర్చుంటే బాగుందని చెప్పాలి. చెప్తే రేపు బావ కూర్చుంటాడు. నా చేతులు నాకే నమ్మబుద్ధి కావట్లేదు చెల్లీ."

ఏడాదిగా మేం ఆయన్ని చూస్తున్నాం, అన్నం పెడుతున్నాం, వెనక గుసగుసలాడుతున్నాం. ఒక్కసారి కూడా సరిగా అడగలేదు. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపం కూడా వచ్చింది. చీర చెంగు నడుముకు దోపి పడవలోకి దిగాను. నాకు ఈత రాదు. పడవ ఒక పక్కకు ఒరిగేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని బెల్టు పెట్టేసుకున్నాను.

"దిగు. నియమం ప్రకారం నువ్వు ముందు కూర్చోకూడదు," అన్నాడు అన్నయ్య.

"నియమం నీ కోసం పెట్టారు. నాకు నువ్వు బిగించావంటే చాలు," అని, మోటారు తిప్పమని పడవాయనకు చెప్పాను.

పడవాయన నవ్వు ఆపుకుంటూ తిప్పాడు. పడవ రేవు వదిలిందో లేదో అన్నయ్య ఒక్క ఉదుటున లోపలికి దూకి, నా కాళ్ళ దగ్గర కూలబడి, కుర్చీ కాళ్ళు రెండు చేతులా పట్టుకున్నాడు. ఒడ్డున మా ఆయన నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఏటి మధ్యకు వెళ్ళాక పడవాయన కావాలనే ఒక మలుపు గట్టిగా తిప్పాడు. నీళ్ళు నా మొహాన కొట్టాయి. తలలో పువ్వు ఎక్కడ పడిందో తెలియదు. నేను అరిచిన అరుపు రేవు దాకా వినపడిందని తర్వాత చెప్పారు. కుర్చీ మాత్రం ఇంత కూడా కదల్లేదు.

అన్నయ్య మెల్లగా చేతులు వదిలాడు. ఒక్కో బోల్టునీ వేలితో తడిమి చూశాడు. తల సరిగా కూర్చోలేదన్న బోల్టును రెండుసార్లు తడిమాడు. లేచి నిలబడి, నా బెల్టు లాగి చూసి, బావ పొట్ట కొలతకు కుట్టించాను, నీకు వదులైపోయిందని విసుక్కున్నాడు. ఆ విసుగు విని ఎన్నాళ్ళయిందో. పాత అన్నయ్య గొంతు అది.

తర్వాత జేబులోంచి ఫోన్ తీసి దీవి పడవాయనకు కలిపాడు. మోటారు హోరులో అవతలివాడికి వినపడక మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"వస్తున్నాం. ఇద్దరం కాదు, ముగ్గురం. కుర్చీలో మొదట మా చెల్లెలు కూర్చుంటుంది."

చేప వాసన తగిలితేనే నాకు కడుపులో తిప్పుతుంది. దీవి ఎటు వైపుందో కూడా నాకు సరిగా తెలియదు. ఆ మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. అన్నయ్య ఫోన్ చెవికి ఆనించుకుని, వస్తావు కదూ అన్నట్టు నా మొహంలోకి చూస్తున్నాడు. నేను తలూపాను.