ఇరవై నాలుగు పళ్ల చక్రం

మూడోసారి లెక్కపెట్టినా ఇరవై నాలుగే వచ్చాయి. పళ్లన్నీ ఉన్నాయి, కరవడం లేదంతే.

లేనిపోని అని అందరూ పిలిచే ఆ మనిషి, చిన్న చక్రాన్ని మళ్లీ స్టీరింగ్ కడ్డీకి తొడిగి తిప్పాడు. కరకరమని జారింది. తెరమీద ఎర్రకారు మలుపు దగ్గర కూడా తిన్నగానే పోయి కొండకు గుద్దుకుంది. ఇంకోసారి తిప్పాడు. ఇంకోసారి కొండే.

అతని అసలు పేరు సంతకం పెట్టేటప్పుడు తప్ప అతనికే గుర్తుకు రాదు. పాత ఆటల యంత్రాల్లో లేనివీ పోయినవీ చేసిపెడతాడు కాబట్టి లేనిపోని. ఒకప్పుడు పిల్లలు నాణెం వేసి ఆడుకున్న బీరువాలంత యంత్రాలు, మీట ఊడి, గుండీలు రాలి, ఈ షెడ్డుకు చేరతాయి. వాటిని చేసిన కంపెనీలే పోయాయి, ఇక ముక్కలెక్కడ దొరుకుతాయి? ఎక్కడో బతికున్న యంత్రం నుంచి ఒక ముక్క అడిగి తెచ్చి, దాని చుట్టూ రబ్బరు అచ్చు పోసి, అచ్చులో ప్లాస్టిక్ ద్రవం పోసి, గట్టిపడ్డాక అచ్చం అలాంటిదే తీస్తాడు. తన నోట్లో ఆరు పళ్లు రాలినా పట్టించుకోని మనిషి, ఎన్ని యంత్రాలకు పళ్లు కట్టాడో లెక్కలేదు.

వయసు యాభై ఎనిమిది. మోచేతుల దాకా తెల్లటి పొడి, చెవి వెనక పెన్సిలు. స్టూలుంది గానీ దానికి ఎప్పుడూ సెలవే. అతనికి కూర్చోవడం చేతకాదు. ఈ రోజు నిలబడటం కూడా చేతకావడం లేదు. నాలుగు గంటలకు రంగులావిడ వెళ్లిపోతోంది.

యంత్రాల మీది బొమ్మలు చెరిగిపోతే మళ్లీ వేసేది ఆవిడే. పంతొమ్మిదేళ్లుగా అతనికీ ఆవిడకీ మధ్య ఒక చెక్క తడిక అడ్డం. ఈ కారు యంత్రం అద్దం మీద కొండదారిని పదకొండు నెలలు వేసింది. ఆ దారి పూర్తయ్యేసరికి ఆవిడ కళ్లలో నడిమధ్య చూపు పోయింది. అంచులు మాత్రం మిగిలాయి. తమ్ముడింటికి వెళ్లిపోతోంది. వారం కిందట ఒకే ఒక్క మాట అడిగింది: "పోయేలోపు నా మలుపు నేనొకసారి తిప్పాలయ్యా." యంత్రం రేపు కొన్నవాళ్లింటికి పోతుంది.

చక్రం ఎందుకు జారుతోందో పదిన్నరకు వెలిగింది. అడిగి తెచ్చిన అసలు చక్రాన్ని ఎప్పుడో తిరిగిచ్చేశాడు. డబ్బాలో ఉన్నది దానికి తను తీసిన నకలు. అది అసలే అనుకుని, దానిమీదే కొత్త అచ్చు పోశాడు. పోసిన ప్రతిసారీ ముక్క కాస్త కుంచించుకుపోతుంది. కొడుకు తండ్రి కంటే వెంట్రుకవాసి చిన్న, మనవడు ఇంకో వెంట్రుకవాసి చిన్న. తను మనవడిని కూచోబెట్టి తాత ఉద్యోగం చెయ్యమంటున్నాడు! పుస్తకాలవాళ్లు దీన్ని అచ్చుతప్పు అంటారు. ఇక్కడా వేరే పేరు అక్కర్లేదు.

తడిక అవతల నుంచి రంగులావిడ గొంతు వచ్చింది.

"ఏమయ్యా లేనిపోని, పొద్దున్నుంచి బొంగరంలా తిరుగుతున్నావు?"

"తిరగాల్సింది తిరగట్లేదు మేడం. దాని బదులు నేను తిరుగుతున్నా."

సంగతి చెప్పాడు. ఆవిడ నవ్వలేదు.

"అయితే ఎంత తక్కువ?"

"రెండు వెంట్రుకవాసులు."

"నీ తలమీద అవి కూడా లేవు. ఆ నకలు ఇటివ్వు. నాలుగు పూతలేస్తే లావెక్కుతుంది. దానిమీద అచ్చు పోసుకో."

అద్దానికి వాడగా మిగిలిన రంగు తీసింది. చక్రాన్ని కళ్లకు ఎదురుగా కాక, చెవి పక్కకు పట్టుకుని ఓరగా చూసింది. ఎడమ బొటనవేలి గోటితో ఒక్కో పన్నూ తడుముతూ, లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ పూత వేసింది. దీపం కింద ఆరనిచ్చి రెండోది, మూడోది, నాలుగోది. ఆ గంటన్నరలో అతను షెడ్డు రెండుసార్లు ఊడ్చాడు.

పన్నెండున్నరకు రబ్బరు పోశాడు. అది గట్టిపడటానికి రెండు గంటలు. తలుపు దాకా వెళ్లాడు, వచ్చాడు. గడియారం సరిగ్గానే నడుస్తోందా అని షెడ్డు ఓనర్ని అడిగాడు.

"నీకంటే నెమ్మదిగానే నడుస్తోంది, వెళ్లు," అన్నాడు ఓనరు.

రెండున్నరకు అచ్చు విప్పి, నకలు తీసేసి, ద్రవం పోసి మళ్లీ బిగించాడు. ఇక ముప్పావుగంట. దీపం కింద పెడితే అచ్చు వంకరపోతుంది. ఒంటి వేడైతే త్వరగా, తిన్నగా గట్టిపడుతుంది. చొక్కా గుండీ విప్పి అచ్చును చంకలో ఇరికించుకున్నాడు. ఒకటి విరిగితే ఇంకోటి ఉండాలని రెండు అచ్చులు చేశాడు కాబట్టి, రెండో చంక కూడా నిండిపోయింది.

మూడింటికి బయట కారు హారన్ మోగింది. ట్రాఫిక్‌కు భయపడి రంగులావిడ తమ్ముడు గంట ముందే వచ్చేశాడు.

"అక్కా, చీకటి పడకముందే ఊరు దాటాలి. పద పద!"

సామాను చిన్న పెట్టె, చుట్టిన చాప. ఓనరే మోశాడు. లేనిపోని గుమ్మం దగ్గర చేతులు ఒంటికి అతికించుకుని కొయ్యబొమ్మలా నిలబడ్డాడు. ఆవిడ తల పక్కకు తిప్పి, కంటి అంచుతో అతన్ని చూసింది.

"చంకల్లో ఏం దాచావు?"

"మీ మలుపు మేడం. ఇంకో పావుగంట ఆగితే..."

"పావుగంట పావుగంట అనే పంతొమ్మిదేళ్లు అయ్యాయి," అని నవ్వింది. తమ్ముడు మళ్లీ హారన్ కొట్టాడు. "నువ్వు తిప్పెయ్. నాకు వినిపిస్తుందిలే."

కారు కదిలింది. ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఊపింది. బదులుగా ఊపడానికి అతనికి చెయ్యి లేవలేదు. లేపితే పళ్లు వంకరపోతాయి. తల ఊపాడు. ఆవిడ చూపుకు అది అందిందో లేదో. అందరూ చంకలు గుద్దుకునేది సంతోషంతో. అతను మాత్రం వాటిని ఇంకా గట్టిగా బిగించి, కారు మూల తిరిగి కనబడకుండా పోయేదాకా నిలబడ్డాడు.

మూడుంపావుకు అచ్చు విప్పాడు. చక్రం కడ్డీకి ఎక్కింది. పన్ను పన్నునూ పట్టుకుంది. చప్పుడే లేదు.

"కూర్చుని తిప్పి చూడు," అన్నాడు ఓనరు, దీపాలు వేస్తూ.

అద్దం మీది కొండదారి వెలిగింది. లేనిపోని సీటులోకి ఒక కాలు పెట్టాడు. మోకాలు స్టీరింగుకు ఠక్కున తగిలింది. రెండోది అసలు దూరలేదు. ఉదయం తను పరీక్షించినప్పుడు సీటు వెనకే ఉంది. ఇప్పుడు చివరి మెట్టు దాకా ముందుకొచ్చింది. అంత పొట్టి మనిషి షెడ్డులో ఒక్కరే, రంగులావిడ. రబ్బరు గట్టిపడుతుండగా, తను తలుపుకీ బల్లకీ మధ్య తిరుగుతున్నప్పుడు, ఆవిడ ఎవరికీ చెప్పకుండా వచ్చి, కూర్చుని, తనకు సరిపడా జరుపుకుని సిద్ధంగా ఉంచుకుంది.

"వెనక్కి జరుపుకోవయ్యా," అన్నాడు ఓనరు.

లేనిపోని కాలు బయటికి తీసుకున్నాడు. బయటే నిలబడి, చెయ్యి మాత్రం లోపలికి చాచి స్టీరింగ్ తిప్పాడు. ఎర్రకారు కొండను ఒరుసుకుంటూ మెత్తగా మలుపు తిరిగింది. ఆ వెలుతురులో, స్టీరింగుకు ఆనుకునేంత ముందుకు జరిపిన చిన్న ఖాళీ సీటు.