అలంకార గది గడప

"నీ చేతులు బంగారం అమ్మాయ్, ఆ పావడాయే మన ఇంటికి నప్పదు," అంది మా అత్తగారు డోన్యా ఎల్వీరా, మరియ తల్లి విగ్రహానికి వేసే పండగ పైవస్త్రాన్ని నేను ఇస్త్రీ చేస్తుంటే. పన్నెండేళ్లుగా అదే మాట. ఏటా ఆ వస్త్రం కుట్టేది నేను, జరీ పూలు కుట్టేది నేను. పండగ పొద్దున చర్చి వెనక గదిలో తల్లిని అలంకరించేది మాత్రం పెద్దింటి ఆడవాళ్లు. మా కొండజాతి ఆడవాళ్లలా రెండు జడలు, కుచ్చుల పావడా ఉన్నవాళ్లు ఆ గడప తొక్కకూడదు. ఇది డబ్బు సంగతి కాదు. పొటోసీ మార్కెట్లో నా బట్టల కొట్టు లేకపోతే అత్తగారింటికి పైకప్పే లేదు. ఆ ఆడవాళ్లలో సగం మంది వెండి కంచాలు అమ్ముకుని తింటున్నారు. అయినా వాళ్లు దొరసానులు, మా కొండల భాష కెచువా మాట్లాడే నేను పనిమనిషిని. కూతురి బడికి వెళ్తే నన్ను ఆయా అనుకున్నారు. పక్కనే ఉన్న మా ఆయన ఫెర్మిన్ నోరు విప్పలేదు. "పోనీలే, వాళ్లకేం తెలుసు," అన్నాడు ఇంటికొచ్చాక. ఒళ్లు మండిపోయింది. మండుతూనే వంట చేశాను. పెళ్లినాడు అత్తగారింటివాళ్లు ఇచ్చిన గౌను తొడుక్కున్నాను కూడా. ఆ ఫొటోలో మా అమ్మ నన్ను గుర్తుపట్టలేకపోయింది.

ఈ ఏడు వస్త్రం బరువైంది. జారకుండా లోపల కొక్కేలు పెట్టాను. పండగ పొద్దున నేను గడప బయట నిలబడ్డాను; ఊరేగింపు గంటలు మోగుతున్నాయి, లోపల దొరసానులు చెమటలు కక్కుతున్నారు, వస్త్రం నిలవడం లేదు.

అత్తగారు తలుపు తీసింది. "ఎక్కడ తగిలించాలో అక్కణ్ణించే చెప్పవే!"

"చెబితే రాదు అత్తయ్యా. నా చెయ్యే పడాలి."

ఫెర్మిన్ ఆవిడ గౌనొకటి పట్టుకొచ్చాడు. "ఒక్క గంటే కదా బాసీలియా, తొడుక్కో. నీ పరువు కోసమే చెబుతున్నా."

"నా పరువా, మీదా?"

తెరిచిన తలుపులోంచి మరియ తల్లి కనిపిస్తోంది, పైవస్త్రం కింద నేనే కుట్టిన, అచ్చం నాలాంటి నాలుగు పొరల వెడల్పు పావడాతో. ఇన్నేళ్లూ నాకెందుకు తట్టలేదో!

"ముందు ఆ తల్లిని పావడా విప్పి గౌను తొడుక్కోమనండి అత్తయ్యా. ఆ వెనకాలే నేనూ తొడుక్కుంటా."

నేను గడప దాటాను.

"గుండుసూదులు పట్టుకుని ఇలా నా పక్కన నిలబడండి," అన్నాను అత్తగారితో.