పాప తుమ్మిన బుధవారం

మా పాప బుధవారం పొద్దున రెండుసార్లు తుమ్మింది. ఆ సాయంత్రమే మా ఆయన గిటారు గుయ్యిమని రొద పెట్టడం మొదలుపెట్టింది. ఈ రెండింటికీ పొత్తు ఉంటుందని ఆదివారం దాకా మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

గిటారంటే మెడకు తగిలించుకొని నిలబడి వాయించేది కాదు. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకొని తీగల మీద ఇనుప కడ్డీ జరుపుతా వాయించేది. గుంతకల్లులో ఒక రైలు గార్డు దొర ఊరు విడిచిపోతా దాన్నీ, దాని పాట పెద్దగా వినిపించే పెట్టెనూ మా ఆయనకు ఇచ్చిపోయినాడు. గిటారు నుంచి పెట్టెకు ఒక తీగ, పెట్టె నుంచి గోడలోని కరెంటుకు ఒక తీగ, ఇంకొకటి కిటికీలోంచి పెరట్లోకి. ఆ మూడోదాన్ని ఎర్తు అంటారు. పెరట్లో నడుము లోతు గుంత తీసి, బొగ్గూ ఉప్పూ నింపి, నడిమధ్యన ఒక ఇనుప కడ్డీ పాతి, దానికి ఆ తీగ చుట్టినాడు.

"ఈ గుంత ఎండకూడదమ్మా. దినామూ నీళ్ళు పొయ్యాల" అని వాళ్ళమ్మకు అప్పజెప్పినాడు.

మా అత్త హులిగెమ్మది కోసిగి. ఆ ఊళ్ళో మొగం కడిగిన నీళ్ళు కూడా ఇంకో పని చేసిగానీ నేల మీద పడవు. "ఇనుప కడ్డీకి నీళ్ళేందప్పా? అదేమన్నా చిగురు వేస్తాదా?" అనింది. అయినా "సరేలే, నేను చూసుకుంటా పో" అని ఒప్పుకునింది.

ఆదివారం నాటకాల కంపెనీ యజమాని వెంకటరమణయ్య మైదుకూరు నుంచి వస్తానన్నాడు, మా ఆయన వాద్యం వినేదానికి. నచ్చితే కంపెనీ కర్నూల్లో ఆడే ఆటలకు చేర్చుకుంటాడు. మేము కర్నూల్లోనే, బుధవారపేటలోనే ఉండొచ్చు. నచ్చకపోతే గిటారు అటక ఎక్కించి, కోసిగికి సేద్యానికి పోదామని మా ఆయన వాళ్ళమ్మకు మాటిచ్చినాడు. నాకు సంగీతం తెలీదు. నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ సగమే. నాకు తెలిసిందల్లా ఒకటి: పెద్దాస్పత్రి మా వీధి నుంచి నడిచిపోయేంత దూరం. కోసిగిలో పాపకు జొరం తగిలితే రైలెక్కి ఆదోనికి పోవాల. ఎనిమిది నెలల బిడ్డకు జొరం వచ్చే ఏళకు రైలు కూడా రావాల గదా.

అందుకే ఆ తుమ్ములు వినంగానే, నూనె గిన్నె పట్టుకొని వచ్చిన అత్తకు అడ్డం నిలబడినాను.

"ఈ దినం నీళ్ళు పోయొద్దత్తా. పడిశం పడ్తాది."

"రెండు తుమ్ములకేనా? మీ ఆయన పుట్టిన నెల్లో నూరు తుమ్మినాడు. చూడు, దున్నపోతు మాదిరి ఉండాడు."

"అయినా వద్దు."

గురువారమూ వద్దన్నాను. శుక్రవారం పాప తుమ్మలేదు గానీ తుమ్మేదానికి మొగం పెట్టింది. శనివారం, ఇన్ని దినాలు ఆపి ఇప్పుడు ఒక్కసారిగా పోస్తే ఏమవుతుందోనని భయపడి వద్దన్నాను. తడిగుడ్డతో తుడుస్తా వచ్చినాను.

మా ఆయన మాత్రం గిటారును వెనకా ముందూ విప్పినాడు. లోపల, తీగలు ఆనే ఇనుప రేకు నుంచి వచ్చే సన్నని వైరు వదులైందని టంకం వేసినాడు. రొద పోలేదు. గోడలో పెట్టే ప్లగ్గు తిరగేసి పెట్టినాడు. ఇంకా ఎక్కువైంది. బయటి కరెంటు గాలి లోపలికి దూరకుండా వెండి కాగితం అతికించాలన్నాడు. బీడీ కూడా ముట్టని మనిషి, కిళ్ళీ కొట్టుకాడ ఖాళీ సిగరెట్టు పెట్టెలు ఏరుకొని వచ్చినాడు.

మా అత్త ఆ పెట్టెలు చూసి గుండె బాదుకునింది. "ఎన్నాళ్ళ నుంచి తాగుతాండావురా?"

"తాగడం కాదమ్మా, ఇది గిటారుకు."

"గిటారు తాగుతాండాదా!"

వెండి కాగితమంతా అతికించినా రొద రొదే. ఒక్క విచిత్రం ఏమంటే, తీగల మీద అరచెయ్యి ఆనిస్తే సగం తగ్గుతుంది, చెయ్యి తీస్తే మళ్ళీ ఎత్తుకుంటుంది. తాకిన చెయ్యి చిమచిమలాడుతోందన్నాడు. నాకు ప్రాణం పోయినంత పనైంది. అత్త మటుకు పాపనూ గిటారునూ మార్చి మార్చి చూసింది.

"చెయ్యేస్తే ఊరుకుంటాది, తీస్తే ఏడుస్తాది. దీనికీ దిష్టే" అని మిరపకాయలు, ఉప్పు తెచ్చి ఇద్దరికీ కలిపి తిప్పేసింది.

"అమ్మా, ఎర్తు గుంతకు నీళ్ళు పోస్తాండావా?" అని మా ఆయన అడిగినాడు.

ఆమెకు రోషం వచ్చింది. "అప్పజెప్పిన పని మర్చిపోయేదాన్నా నేను?"

ఆయన ఇంక ఆ మాట ఎత్తలేదు.

ఆదివారం పదిగంటలకు వెంకటరమణయ్య వచ్చినాడు. లావుపాటి మనిషి. వెంట హార్మణీ ఆయన. ఇద్దరూ కలిసి బిందెడు నీళ్ళు తాగి చాప మీద కూర్చున్నారు. మా ఆయన దేవుడికి దండం పెట్టుకొని స్విచ్చి వేసినాడు. గుయ్యిమనింది. ఆ రొదలోనే వాయించినాడు.

వెంకటరమణయ్య కండ్లు మూసుకొని కాసేపు విన్నాడు. "ఏమప్పా పెద్దన్నా, చెయ్యి బాగుండాది. ఈ కందిరీగల్ని యాడ పట్టుకొచ్చినావు?"

మా ఆయన తీగల మీద అరచెయ్యి ఆనించినాడు.

"రాచ్చసుడు వచ్చే సీనుకైతే పనికొస్తాది. సీతమ్మ ఏడ్చేకాడ ఇది గుయ్యిమంటే, జనం తేళ్ళు కుట్టినట్టు లేసిపోరా? ఎప్పట్నుంచి ఇట్ల?"

"బుధవారం నుంచి సామీ."

తలుపు వెనకాల పాపను ఉయ్యాల్లో ఊపుతున్న నేను, పక్కనున్న అత్తతో అన్నాను. "పాప తుమ్మింది కూడా ఆ పొద్దే."

"తుమ్మింది! ఆ పొద్దు నుంచే గదా బిడ్డకు నీళ్ళు పోయనీకుండా చేస్తివి" అని అత్త గట్టిగానే అనింది.

మా ఆయన గిటారు పక్కన పెట్టి లేచి వచ్చినాడు. "అమ్మా, పాప సంగతి సరే. గుంతకు పోసినావా లేదా?"

"పాపకు పోస్తే దానికి పోసినట్టే గదప్పా! ఇనుముకు వేరేగా పోసేదానికి మనకేమన్నా ఏరు పారుతాండాదా? నీళ్ళు పోసే బండను గుంత పక్కకే జరిపినా. బిడ్డకు బిడ్డ, కడ్డీకి కడ్డీ."

అందరం పెరట్లోకి పోయినాము. గుంత పైన మన్ను నెర్రెలు ఇచ్చింది. మా ఆయన వేలు పెడితే రెండో కణుపు దాకా దిగింది, తడి తగల్లేదు.

"నీళ్ళు!" అన్నాడు.

వీధి కొళాయి పొద్దున ఒక్క గడియ వస్తుంది. వంటకు పోయినాయి కొన్ని, మిగిలినాయి వచ్చినవాళ్ళు తాగేసినారు. ఇంట్లో ఇంక నీళ్ళుండేది ఒక్క ఇత్తడి బిందెలోనే. అందులో పాప కోసం నేను కాచి, చల్లార్చి, బట్ట కట్టి పెట్టుకున్న నీళ్ళు. ఆ బట్ట ముడి నేను తప్ప ఎవరూ విప్పకూడదు.

మా ఆయన బిందెను చూసినాడు. నా మొగం చూసినాడు, అంతే. రేపు పొద్దున కొళాయి వచ్చేదాకా బిడ్డకు ఏం తాపేదా అనుకున్నాను. ఆదోని రైలు గుర్తొచ్చింది.

"స్విచ్చి ఆపినావా?" అన్నాను.

"ఆపినా."

"మళ్ళా చూసిరా."

పోయి చూసొచ్చినాడు. నేను ముడి విప్పి, గిన్నెడు నీళ్ళు పాపకు తీసిపెట్టి, మిగిలినవన్నీ గుంతలో పోసినాను. నేల సుయ్యిమని తాగేసింది.

"కాచిన నీళ్ళు! ఇనుముకు కాచిన నీళ్ళు!" అని అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది.

లోపలికి పోయి స్విచ్చి వేసినాడు. ఏమీ వినపడలేదు.

"కరెంటు పోయిందా?" అన్నాడు వెంకటరమణయ్య.

మా ఆయన కడ్డీ తీగ మీద జరిపినాడు. ఎవరో దూరంగా నిలబడి పిలిచినట్టు ఒక్క సన్నని గొంతు లేచింది. దాని వెనకాల కందిరీగ లేదు, ఏమీ లేదు. హార్మణీ ఆయన తొడ మీద తాళం వేసినాడు. వెంకటరమణయ్య పంచెతో కండ్లు తుడుచుకోబోయి, మేము చూస్తున్నామని ముక్కు తుడుచుకున్నాడు.

అంతలో ఉయ్యాల్లో పాప లేచి గుక్కపట్టింది. ఐదు దినాలుగా ఆ రొదలోనే నిద్రపోయింది, అది ఆగేసరికి మెలకువ వచ్చింది.

"వచ్చే ఆటకు చేరిపో పెద్దన్నా" అన్నాడు వెంకటరమణయ్య లేస్తా. "ఒకటే షరతు. ఆట ఉండేనాడు ముందర ఆ బిడ్డకు నీళ్ళు పోయించి రా."

మర్నాడు పొద్దున అత్త బండ మీద కాళ్ళు చాపుకొని కూర్చునింది. పాపను అందివ్వబోతే తుమ్మింది. నేను నోరు తెరిచినాను. అత్త నన్ను చూసింది. కిటికీలోంచి మా ఆయన కూడా చూసినాడు.

పాపను ఆమె కాళ్ళ మీద పడుకోబెట్టినాను. "గోరువెచ్చగా పొయ్యత్తా. ఒక చెంబు తక్కువగానే."

"ఒక చెంబు ఎక్కువే పొయ్యమ్మా" అన్నాడు మా ఆయన కిటికీలోంచి.