పాలిష్ పట్టని చెక్క

నా వడ్రంగి కొట్లో నిప్పుకు చోటు లేదు. ముప్పై ఏళ్లుగా ఇదే నియమం. ఒకసారి బీడీ ముట్టించిన కూలీని వీధి చివరిదాకా తరిమాను. నేలంతా చెక్కపొట్టు, మూలన పాలిష్ డబ్బాలు, తరమక ఏం చేస్తాను? అలాంటి నన్ను పట్టుకుని మా అక్క, చేత్తో నిప్పు పుట్టించే సరంజామా చేసిపెట్టమంది.

అక్క సైన్సు టీచరు. పోయినేడాది రాపిడి పాఠం చెబుతూ రెండు కర్రలు పట్టుకుని పిల్లల ముందు అరగంట రుద్దింది. చేతులు బొబ్బలెక్కాయి గానీ పొగైనా రాలేదు. వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి, ల్యాబు బల్ల మీది అగ్గిపెట్టె తెచ్చి, ఎంతో జాలిగా ఆమె చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి బడంతా అక్కను 'అగ్గిపెట్టె టీచర్' అంటోంది. పైకి నవ్వేస్తుంది గానీ, ఆ మాట వినపడితే ఆమె మొహం చిన్నబోవడం నేను చూశాను. మళ్లీ ఆ పాఠం రేపు పదిన్నరకు.

అక్క అడిగితే అల్లాటప్పాగా చేస్తానా? మంచి టేకు ముక్క తీశాను. అడుగున పలక, దాని గుంటలో నిలబడి తిరిగే పుల్ల, పుల్లకు తాడు చుట్టి లాగడానికి విల్లు, పైనుంచి అదిమిపట్టే పిడి. నాలుగింటికీ చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది, మైనం పూసి అద్దంలా చేశాను. చూసుకుని తెగ మురిసిపోయాను.

సాయంత్రం అక్క వచ్చింది.

"అబ్బ, ఎంత బాగున్నాయిరా! షోకేసులో పెట్టుకోవచ్చు."

కొట్టు వెనక పెరట్లో కూర్చుని విల్లు లాగింది. పుల్ల ఝామ్మని తిరిగింది. తిరిగింది, తిరిగింది, అంతే. పొగ మాట దేవుడెరుగు, పలక వేడెక్కను కూడా లేదు.

"నీకు లాగడం రావట్లేదు, ఇలా ఇవ్వు" అని నేనూ లాగాను. చెమటలు పట్టాయి, నాకే.

"నీకొచ్చిందా మరి?" అంది అక్క.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నేను చేసిన వస్తువు ఇంతవరకు ఒక్కటీ వెనక్కి రాలేదు, తెలుసా?"

ఆమె అరచేతులు చూసుకుంది. "పోన్లేరా. రేపు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేస్తాలే."

తిట్టినా బాగుండేది. లేవబోతూ అడిగింది, "నీ కొట్లో చెక్క మాడిన వాసన ఎప్పుడూ రాలేదా?"

"ఎందుకు రాదు? మొద్దుబారిన డ్రిల్లు బిట్టుతో ప్యాకింగ్ పెట్టె చెక్కకు చిల్లు పెడితే గుప్పున పొగొస్తుంది. అందుకేగా ఆ దరిద్రపు చెక్కని నేను..." అని ఆగిపోయాను.

చెక్క మాడకుండా చూసుకోవడమే నా పనితనం. ఆ పనితనమంతా తీసుకెళ్లి అక్క పలక మీద చూపించాను, దద్దమ్మని.

చెత్తలోంచి ప్యాకింగ్ పెట్టె చెక్క లాగాను. బాగా ఎండింది, గోరు గుచ్చితే దిగుతుంది. చిత్రిక లేదు, మైనం లేదు. ఉలితో గుంట చేసి, పొడి రాలడానికి గుంట నుంచి పలక అంచుదాకా గంటు కోశాను. పుల్లా అదే చెక్కతో. విల్లూ పిడీ పాతవే ఉంచాను. పైన పిడిలో పుల్ల జారాలి కాబట్టి అక్కడి మైనం మాత్రం పనికొచ్చింది.

అక్క లాగింది. పుల్ల కీచుమని అరిచింది. నా పళ్లు జివ్వుమన్నాయి. ఇంతలో సన్నగా పొగ. గంటులో నల్లటి పొడి పోగై, మధ్యలో ఎర్రగా నిప్పు కణిక మెరిసింది. దాన్ని గోనె పీచులో పెట్టి అక్క మెల్లగా ఊదింది. భగ్గుమంది.

"వచ్చిందిరా!" అని చిన్నపిల్లలా కేక పెట్టింది. నాకు ఎంత సంతోషమేసిందంటే, చప్పట్లు కొట్టేశాక గానీ పక్కన బకెట్టుతో నీళ్లు పెట్టుకోలేదన్న సంగతి గుర్తు రాలేదు.

మూట కట్టేముందు చేయి ఊరుకోక గరుకు కాగితం అందుకున్నాను. అక్క నా చేతి మీద ఒక్కటేసింది.

మర్నాడు బడి నుంచి నేరుగా కొట్టుకొచ్చింది. సంచిలోంచి ఏడాదిగా దాచుకున్న అగ్గిపెట్టె తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఇది నాకిక అక్కర్లేదు."

తెరిచి చూశాను. పుల్లలన్నీ ఉన్నాయి. పాలిష్ డబ్బాలకు దూరంగా, పై అరలో, నా మంచి ఉలుల పక్కన పెట్టాను.