మళ్ళీ చదువు, చెల్లెమ్మా

మా రాష్ట్ర శాసనసభ భవనం కింద, నేలమాళిగ క్యాంటీన్‌లో నేను ఇరవై రెండేళ్ళుగా వంట చేస్తున్నాను. పైన మూడో అంతస్తులో వాళ్ళు చట్టాలు చేస్తారు. కింద నేను బిస్కట్లు, గ్రేవీ, వేయించిన చేప చేస్తాను. ఎవరు చేసింది జనానికి బాగా అరుగుతుందో నేను చెప్పకూడదు.

మా నల్లజాతి సభ్యుల కూటమి ప్రతి మంగళవారం పొద్దున్నే నా క్యాంటీన్‌లోనే సమావేశమవుతుంది. సభలో నూటపది మంది ఉంటే మావాళ్ళు పద్నాలుగు మంది. పద్నాలుగు చేతులు లేచినంత మాత్రాన ఏ బిల్లూ ఆగదు. అందుకని చేతులతో కాని పనిని నోటితోనూ గడియారంతోనూ చేయించడం మావాళ్ళు నేర్చుకున్నారు. కూటమి నాయకురాలు ఒడెస్సా హైటవర్ సభా నియమాల పుస్తకాన్ని చేతిసంచిలో దువ్వెన పక్కనే పెట్టుకుని తిరుగుతుంది. ఏ ఒక్క సభ్యుడు కోరినా సరే, ఓటు వేసేముందు బిల్లును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా సభలో గుమాస్తా పైకి చదవాలని అందులో ఉంది. సమావేశాల చివరి రోజు సాయంత్రం ఐదు కొట్టేసరికి ఓటు పడని బిల్లు చచ్చినట్టే అని కూడా ఉంది. ఈ రెండు నియమాలనూ కలిపి నూరితే మావాళ్ళ మందు తయారవుతుంది.

ఆ ఏడు సమావేశాల చివరి రోజున మిగిలింది పొదుపు బిల్లు. నలభై రెండు పేజీలు. తొమ్మిది కౌంటీల గ్రంథాలయాల్లో పెద్దవాళ్ళకు సాయంత్రం పూట చదువు చెప్పే తరగతులు మూసేయాలని దాని మధ్యలో ఎక్కడో ఉంది. ఆ తొమ్మిదింటిలో ఒకటి నాది.

నా భర్త క్లియోఫస్ బతికున్నన్నాళ్ళూ ఉత్తరాలు, కరెంటు బిల్లులు, మందు సీసా మీద రాతలు అన్నీ ఆయనే చదివి చెప్పేవాడు. ఆయన పోయాక వచ్చిన కవర్లన్నీ మూడు నెలలు రొట్టెల డబ్బాలో వేశాను. డబ్బా నిండిపోయి మూత పడనప్పుడు, అరవై మూడేళ్ళ వయసులో, గ్రంథాలయంలో పిల్లల కుర్చీలో వెళ్ళి కూచున్నాను. నాలుగేళ్ళయింది. చదవడం వచ్చింది కానీ రాయడం సంతకం దాటి ఉత్తరం దాకా ఇంకా రాలేదు. నా బల్లమీద నా పక్కన కూచునే బాయ్కిన్‌కి డెబ్బై ఒకటి. ఆయన ఇంకా దుకాణాల బోర్డుల దగ్గరే ఉన్నాడు. తరగతి మూసేస్తే ఆయన అక్కడే ఉండిపోతాడు.

ఆ పొద్దున క్యాంటీన్‌లో అందరి ముఖాలూ దిగులుగా ఉన్నాయి.

"గుమాస్తా క్రోవెల్‌ది గొంతా, ఇంజనా?" అన్నాడు డీకన్ రూఫస్ టాలీ. మా చర్చి పెద్ద, కూటమిలో అందరికన్నా వయసులో పెద్దవాడు, ఎనభై ఒకటి. "వారం రోజుల్నించి చదివిస్తున్నాం. ఎక్కడా బొంగురు పోలేదు!"

"ఎలా పోతుంది? రోజూ తేనె, నిమ్మరసం వేసి టీ వెళ్తోందిగా పైకి," అంది ఒడెస్సా.

అందరూ నావైపు తిరిగారు.

"పాపం, గొంతు నొప్పన్నాడు," అన్నాను.

"చెల్లెమ్మా! దానియేలు సింహాల గుహలో ఉంటే నువ్వు సింహాలకి పళ్ళు తోముతున్నావే!" అన్నాడు డీకన్.

ఆ రోజు టీ పైకి వెళ్ళలేదు. నేను ఆపలేదు, తేనె అయిపోయింది. ఎలా అయిపోయిందని ఎవరైనా అడిగితే డీకన్ రూఫస్ బిస్కట్లకేసి చూడమనేదాన్ని. ఎవరూ అడగలేదు.

మూడున్నర దాటాక క్రోవెల్ పొదుపు బిల్లు ఎనిమిదో పేజీలో ఉండగా గొంతు పోయింది. నోరు కదులుతోంది కానీ గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఒడెస్సా వెంటనే లేచి ముప్పై ఒకటో నియమం చదివింది. గుమాస్తా చదవలేకపోతే, చదివించమని కోరిన సభ్యుడు సభ ఉద్యోగుల్లో ఎవరినైనా ఎంచుకోవచ్చు. నూరేళ్ళ కిందట ఎవరి బావమరిదికి పని ఇప్పించడానికో అవతలివాళ్ళ తాతలే రాసుకున్న నియమం అది.

ఒడెస్సా నన్ను ఎంచుకుంది. వంటమనిషి కూడా సభ ఉద్యోగే కదా.

నేను పిండి చేతులు తుడుచుకుంటూ పైకి వెళ్ళేసరికి ఆమె గుమ్మంలోనే పట్టుకుంది. "అక్కా, మనకి ఐదింటి దాకా గడవాలి. నువ్వేం చెయ్యక్కర్లేదు. నీ పద్ధతిలో నువ్వు చదువు, చాలు."

నా పద్ధతి అంటే ఆమె మనసులో ఉన్నది రెండేళ్ళ కిందట మా బేతేలు చర్చిలో నేను చదివిన ఇరవై మూడో కీర్తన. నేను పచ్చిక బయళ్ళ నుంచి శాంతికరమైన జలాల దగ్గరకు చేరేలోపు పాస్టర్ రెండుసార్లు గడియారం చూశాడు. ఆ తర్వాత సంగతి ఒడెస్సాకు తెలియదు. భోజనాలయ్యాక సభ్యులు బల్లల మీద బిల్లు కాగితాలు వదిలేసి పోతారు. గ్రేవీ మరకలు తుడిచి వాటినే రోజూ పైకి చదువుకునేదాన్ని. నా వాచకం అదే. ఎలుగుబంటి, ఏనుగు నోరు తిరగకముందే నాకు 'ఇందుమూలముగా', 'పైన పేర్కొన్న ఉపవిభాగము ననుసరించి' నోరు తిరిగాయి.

స్పీకర్ వెదర్బీ నన్ను ఎగాదిగా చూశాడు. ఇరవై రెండేళ్ళు నా గ్రేవీ తిన్న మనిషి. ప్రశ్న మాత్రం నన్ను కాదు, ఒడెస్సాను అడిగాడు.

"ఈవిడకి చదవడం వచ్చా?"

"మెనూ అయితే చదువుద్ది!" అని వెనక బల్లల నుంచి ఎవరో అన్నారు. అంతా నవ్వారు.

అంతే, ఐదు గంటలూ గడియారమూ నా బుర్రలోంచి ఎగిరిపోయాయి. కళ్ళజోడు సర్దుకుని ఎనిమిదో పేజీ అందుకున్నాను. గుక్క తిప్పుకోలేదు. ఇందుమూలముగాలూ యథాప్రకారములూ నా నోట్లోంచి మరిగిన నూనెలో పడ్డ పిండిముద్దల్లా టపటపా పైకి తేలాయి. పన్నెండో పేజీకి వెనక బల్లల నవ్వు ఆగింది. ఇరవయ్యో పేజీకి ఒకాయన నోరు వెళ్ళబెట్టాడు. స్పీకర్ ముఖం వికసించింది, నాకు తన చేత్తోనే మంచినీళ్ళ గ్లాసు అందించాడు. ఒడెస్సా తన బల్ల దగ్గర నుంచి అరచెయ్యి కిందికి వత్తుతూ సైగ చేస్తోంది. భలే చదువుతున్నావు, కంగారు పడకు అంటోందనుకున్నాను. డీకన్ రూఫస్ చేపముల్లు మింగినవాడిలా ఉన్నాడు.

ఇరవై తొమ్మిదో పేజీ తిప్పాను. "విభాగము పందొమ్మిది. కౌంటీ గ్రంథాలయములందు వయోజనుల సాయంకాల పఠన తరగతులు ఇందుమూలముగా రద్దు చేయబడినవి."

కింద తొమ్మిది పేర్లు. నాలుగోది మాది.

తలెత్తి చూస్తే గోడ గడియారం నాలుగుంపావు. ఇంకో పదమూడు పేజీలు. నా వేగంతో ఇరవై నిమిషాలు. తర్వాత ఓటుకు బోలెడంత తీరిక. నా ఇంటికి నేనే కొరివి పట్టుకుని పరిగెడుతున్నానని అప్పుడర్థమైంది.

నెమ్మదిగా చదవచ్చు కదా అంటారు. ఇరవై ఒక్క పేజీలు గడగడా చదివి, ఇప్పుడు కూడబలుక్కుంటే స్పీకర్‌కు తెలిసిపోదా? అదీగాక నవ్వినవాళ్ళ ముందు చదవడం రానట్టు నటించడమా? బాయ్కిన్ కోసం ఏమైనా చేస్తాను కానీ అది నా వల్ల కాదు.

అప్పుడు డీకన్ రూఫస్ లేచాడు. చెవిలోని వినికిడి మిషను తీసి నింపాదిగా చొక్కా జేబులో వేసుకున్నాడు.

"మళ్ళీ చదువు, చెల్లెమ్మా!"

మా చర్చిలో ఒకరు వాక్యం చదువుతుంటే, ఏ మాటైనా పెద్దవాళ్ళ గుండెకు తగిలితే ఇలాగే అంటారు. అన్నాక చదివేవాళ్ళు వెనక్కు వెళ్ళాల్సిందే. మొదటిసారికన్నా నిదానంగా, మాట మాటకీ బరువు పెట్టి చదవాలి. ఇందాకే చదివానుగా అన్నవాళ్ళు బేతేలు చర్చిలో ఇంతవరకు లేరు. నేను ఆలోచించకముందే నా నోరు దానంతటదే వెనక్కు తిరిగింది.

"విభాగము... పందొమ్మిది..."

"ఆఁ! చదువు!"

"కౌంటీ... గ్రంథాలయములందు..."

"ఆ తొమ్మిది పేర్లూ ఇంకోసారి, అక్కా!" ఇంకో మూల నుంచి.

స్పీకర్ సుత్తి బల్లకేసి కొట్టాడు. "ఇది చర్చి కాదు!"

"ఏమన్నారు అధ్యక్షా?" డీకన్ చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. "అది కూడా వినపళ్ళేదు."

"పన్నెండో నియమం, అధ్యక్షా," ఒడెస్సా చేతిసంచి తెరిచింది. "సభ్యుడికి వినపడని వాక్యం మళ్ళీ వినిపించాలి."

ఆ సాయంత్రం మా కూటమిలో పద్నాలుగు మందికీ ఒక్కసారే చెవుడు వచ్చింది. ఒకరికి కుడివైపు, ఒకరికి ఎడమవైపు. ఒకాయనకు 'రద్దు' అన్న మాట తప్ప అన్నీ వినపడ్డాయట. నేను ప్రతి వాక్యమూ వాళ్ళు అడిగినన్నిసార్లు, ఒక్క తప్పు లేకుండా, పరువుగా చదివాను. మధ్యలో అవతలి బల్లల నుంచి కొండప్రాంతం కౌంటీ తెల్ల ముసలాయన ఒకడు లేచి, "ఆ ఐదో పేరు నాక్కూడా సరిగ్గా వినపళ్ళేదండీ," అన్నాడు. ఐదోది వాళ్ళ ఊరి గ్రంథాలయం. స్పీకర్ ఆయన్ను చూసిన చూపుకు పాలు విరిగేవి.

ముప్పై ఎనిమిదో పేజీ చివరన ఐదు కొట్టింది. సమావేశాలు ముగిశాయి. బిల్లు పోయింది.

ఒడెస్సా పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. "నా ప్రాణం తీశావు కదే అక్కా! అంత వేగం ఎప్పుడు నేర్చావు?"

"మీరు బల్లల మీద పారేసిన బిల్లులు చదివే."

"ఇకనుంచి తిన్నాక ఎవరి బల్ల వాళ్ళు తుడుచుకుపోవాలి," అన్నాడు డీకన్.

నేను మాత్రం పీఠం దిగలేదు. "ఇంకా నాలుగు పేజీలున్నాయి."

"అక్కా, బిల్లు చచ్చిపోయింది."

"అయితే? శవాన్ని సగం పూడ్చి వచ్చేస్తామా?"

ఒడెస్సా నన్ను చూసి, కాగితాలు చూసి, చెప్పులు విడిచి ముందు బల్ల దగ్గర కూలబడింది. మిగతా పదమూడు మందీ కూచున్నారు. క్రోవెల్ కూడా మెడకు కండువా చుట్టుకుని పక్కన కూచుని వింటున్నాడు. స్పీకర్ కుర్చీ ఖాళీగా ఉంది. నేను నాలుగు పేజీలూ చదివాను. ఎవరూ తొందర పెట్టలేదు, ఎవరూ ఆపలేదు. చివరి పేజీ చివరి వాక్యం దగ్గర గొంతు సవరించుకున్నాను.

"ఈ చట్టము తక్షణమే అమలులోకి వచ్చును."

డీకన్ రూఫస్ జేబులోంచి మిషను తీసి చెవిలో పెట్టుకున్నాడు.

"ఆ ఒక్క ముక్క మాత్రం," అన్నాడు, "మళ్ళీ చదవకు, చెల్లెమ్మా."