సోమవారం తీసిన రక్తం

బ్లాంటైర్ నగరంలోని లాబ్ నుంచి ఫోన్ వచ్చేటప్పటికి ఎనెలెస్ ఆరోగ్య కేంద్రం వరండాలో పిల్లల బరువులు చూస్తోంది. ఆమె జ్వరాల అధ్యయనంలో నర్సు. అధ్యయనంలో చేరి కార్డు తీసుకున్న పిల్లలకి జ్వరం వస్తే చూడడం, రక్తం తీసి లాబ్‌కి పంపడం, మందులివ్వడం ఆమె పని.

"సోమవారం సీసాల్లో ఒకదాంట్లో క్రిమి పెరిగింది," అన్నాడు లాబ్ మనిషి. "సాల్మొనెల్లా. పిల్లాడి పేరు లింబానీ. వార్డులో ఉంచావా?"

"లేదు. ఇంటికి పంపేశాను."

"అయితే వెళ్ళి వెతుక్కో."

సోమవారం లింబానీని తల్లి ఫలేసి జ్వరంతో తీసుకొచ్చింది. వేలి మీద చుక్క తీసి చూస్తే మలేరియా తేలింది. ఎనెలెస్ మలేరియా మాత్రలిచ్చి, చేతి నరం నుంచి రక్తం సీసాలోకి పట్టి పంపేసింది. ఆ సీసాలో క్రిమి పెరిగి కనబడడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఇవాళ గురువారం. ఈ క్రిమి రక్తంలో చేరితే మలేరియా మాత్రలు పనిచేయవు. రోజూ ఇంజెక్షన్ పడాలి. పోయిన వానల్లో ఇదే జబ్బుతో ఎనెలెస్ చేతుల్లో ఇద్దరు పిల్లలు పోయారు.

ఫలేసి ఫోన్ మోగలేదు. ఎనెలెస్ మందు, సిరంజిలు, సెలైన్ గొట్టం సంచిలో వేసుకుని అధ్యయనం మోటారు సైకిల్ నడిపే గెర్వాజియోని లేపింది. అతను మామిడి చెట్టు కింద బండి సీటు మీదే పడుకుని ఉన్నాడు.

దారంతా ఇసుక. రెండుసార్లు మేకల మందకి ఆగాల్సి వచ్చింది. ఆగినప్పుడల్లా ఎనెలెస్ పాదంతో ఫుట్‌రెస్టు మీద కొడుతూనే ఉంది.

"అక్కా, నువ్వు వెనక తొక్కినంత మాత్రాన బండి తొందరగా పోదు," అన్నాడు గెర్వాజియో.

"నీ నోరు తగ్గిస్తే పోతుందేమో."

"మేకలకి చెప్పు ఆ మాట."

చిడాంబో ఊళ్ళో ఫలేసి ఇంటి ముందు రోలు దగ్గర మొక్కజొన్నలు దంచుతోంది. వాళ్ళమ్మ, ముసలావిడ, గడప మీద కూర్చుని ఉంది. మోటారు సైకిల్ చప్పుడుకి చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురైదుగురు వచ్చి నిలబడ్డారు. ఫలేసి రోకలి పక్కన పెట్టి చాప పరిచింది. చాప పరిచాక కూర్చోకుండా మాట మొదలెట్టడం అక్కడ లేదు. ఎనెలెస్ కూర్చుంది. అవ్వ ఎలా ఉన్నావని అడిగింది. ఎనెలెస్ బాగున్నానంది, మీరెలా ఉన్నారంది. పిల్లలెలా ఉన్నారని అవ్వ అడిగింది. మీ ఆయనెలా ఉన్నాడని అడిగింది. అన్నిటికీ జవాబు చెబుతూ ఎనెలెస్ తలుపులోంచి లోపలికి చూస్తోంది. లోపల ఎవరూ పడుకుని లేరు.

"లింబానీ ఏడీ?" అంది చివరికి.

"అడుగో," అంది ఫలేసి.

లింబానీ ఇంటి పక్కనుంచి కోడిపిల్ల వెంట పరిగెత్తుకుంటూ వచ్చాడు. కోడిపిల్లని వదిలేసి ఎనెలెస్ దగ్గరికొచ్చి, ఆమె మెళ్ళో బ్యాడ్జీ పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత ఒళ్ళోకి ఎక్కాడు. నుదురు చల్లగా ఉంది.

ఎనెలెస్ ఊపిరి వదిలింది. కానీ ఆ నిమ్మళం ఎంతోసేపు నిలవలేదు. సోమవారం సూది పొడిపించుకున్న పిల్లలు గురువారం ఆమె యూనిఫాం చూస్తే తల్లి వెనక దాక్కుంటారు. కొందరు బండి చప్పుడుకే ఏడుపు మొదలెడతారు. వీడు ఒళ్ళో కూర్చుని బ్యాడ్జీ కొరుకుతున్నాడు. ఆమె వాడి మోచెయ్యి తిప్పి చూసింది. రెండో చెయ్యి కూడా చూసింది. ఎక్కడా గుచ్చిన గుర్తు లేదు.

సోమవారం వరండా నిండా జనం. ఆమె కార్డు చూసింది, తల్లిని చూసింది, చెయ్యి చూసింది. ముఖం చూడలేదు.

"సోమవారం తెచ్చింది వీణ్ణేనా?"

"వీణ్ణే. నీ మాత్రల చలవ, చూడు ఎలా గెంతుతున్నాడో."

"వీడు నీ కొడుకేనా?"

"అదేం మాటమ్మా? కావాలంటే అవ్వనడుగు."

"మా ఇంటి బిడ్డే," అంది అవ్వ.

నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకామె నవ్వింది. "ఏం డాక్టరమ్మా, మొగుడి తరఫున విచారణకొచ్చావా?"

ఎనెలెస్ లేచి ఫలేసిని ధాన్యం గాదె వెనక్కి తీసుకెళ్ళింది. లింబానీ, అవ్వ కూడా వెనకే వచ్చారు.

"ఫలేసీ, నేను కార్డు తనిఖీకి రాలేదు. సోమవారం నేను తీసిన రక్తంలో జబ్బుంది. ఆ పిల్లాడికి ఇవాళే ఇంజెక్షన్ పడాలి. పడకపోతే చచ్చిపోతాడు."

ఫలేసి కింద కూర్చుని, లింబానీని ఒళ్ళో బోర్లా వేసుకుని వాడి లాగు కిందకి లాగింది.

"అయితే పొడువు," అంది.

"వీడికా?"

"కార్డు వీడిదేగా. పొడువు."

లింబానీ ఆట అనుకుని నవ్వుతున్నాడు. ఎనెలెస్ సంచి తెరవలేదు.

"పొడుస్తాను. రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను. రోజూ వీడి తొడలో పొడుస్తాను. ఈలోపు ఆ రెండోవాణ్ణి మీరు పాతిపెట్టుకుంటారు. అప్పుడూ వస్తాను. అవ్వ పక్కన కూర్చుని ఏడుస్తాను. పొడవమంటావా?"

"చెప్పవే!" అని అరిచింది అవ్వ. "చెప్పు! కార్డు పోతే పోయింది."

"యాంకో," అంది ఫలేసి.

"యాంకో ఎవరు?"

"మా చెల్లెలు జియోనే కొడుకు. వీడికంటే రెండు నెలలు చిన్న. చెల్లెలి కొడుకంటే నా కొడుకు కాడా? వాడు నన్నూ అమ్మా అనే పిలుస్తాడు. నీ కొడుకేనా అని నువ్వడిగితే ఏమనమంటావు?"

ఆ మీదట మిగతాదీ చెప్పేసింది. ఇంటికి ఒక్క పిల్లాణ్ణే తీసుకోవాలని అధ్యయనం నియమం. పేర్లు రాసిన రోజున జియోనే చక్కెర తోటల దగ్గర మొగుడితో ఉంది. మొగుడు వదిలేశాక పుట్టింటికొచ్చింది. అప్పటికి కొత్త పేర్లు తీసుకోవడం ఆపేశారు. కార్డున్న పిల్లాడికి వరుసలో నిలబడే పని లేదు, మందు లేదనే మాట లేదు. అక్కాచెల్లెళ్ళు ఒక్క కార్డునే పంచుకుని, ఎవరి పిల్లాడికి జ్వరమొస్తే వాణ్ణి ఆ పేరుతో తీసుకెళ్తున్నారు. ఎప్పుడూ ఫలేసే తీసుకెళ్తుంది, నర్సుకి ఆమె ముఖం తెలుసు కాబట్టి.

"యాంకో ఎక్కడున్నాడిప్పుడు?"

"చిత్తడిలో. మా మడి దగ్గర. మాత్రలు వేశాక జ్వరం తగ్గింది, నిన్న పొద్దున జియోనే వాణ్ణి వీపున కట్టుకుని వెళ్ళింది. కాపలా వంతు దానిది. మనిషి లేకపోతే నీటిగుర్రాలు మొక్కజొన్నంతా మేసేస్తాయి."

రేవు దాకా బండి మీద వెళ్ళారు. ముందు గెర్వాజియో, మధ్యలో ఫలేసి, వెనక ఎనెలెస్. రేవులో దుంగ పడవ ఉంది, పడవవాడు లేడు. గెర్వాజియో పొలాల వైపు తిరిగి పేరు పెట్టి అరిచాడు. పడవవాడు చేపల వల భుజాన వేసుకుని, ఏదో నమలుతూ వచ్చాడు.

"తొందరగా పోనీ, అన్నా," అంది ఎనెలెస్.

"పోనిస్తాను. మొసలి అడ్డొస్తే దానికీ తొందరని చెప్పు."

"జబ్బు పడింది మా యాంకోరా," అంది ఫలేసి.

పడవవాడు నమలడం ఆపి గడ నీళ్ళలోకి దింపాడు. దారిలో రెల్లు దగ్గరగా ఉన్న చోట నీటిగుర్రాలు ముక్కులు బయటపెట్టి పడుకుని ఉన్నాయి. పడవవాడు గడ తీసి ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఎనెలెస్ ఏదో అనబోతే ఫలేసి ఆమె మోకాలు పట్టుకుంది. నీటిగుర్రాలు మునిగి, దూరంగా తేలేదాకా ఎవరూ కదల్లేదు.

మడి గట్టు మీద గడ్డి గుడిసె. జియోనే బయట నిలబడి ఉంది. అక్క వెనక యూనిఫాం చూడగానే ఆమె నోట మొదట వచ్చిన మాట, "వీడు లింబానీ, డాక్టరమ్మా."

"తెలిసిపోయిందే," అంది ఫలేసి. "బిడ్డేడీ?"

యాంకో లోపల చాప మీద ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది, పాదాలు చల్లగా ఉన్నాయి. మెలకువ వస్తుందేమోనని ఎనెలెస్ ఛాతీ మీద గట్టిగా నొక్కింది. కళ్ళు తెరవలేదు, మూలిగాడు. మోచేతి మడతలో సోమవారం ఆమె గుచ్చిన చోట నల్లగా ఉంది.

"ఎప్పట్నుంచి ఇలా?"

"పొద్దున్నుంచి. రాత్రి పాలు తాగాడు. పొద్దున చన్ను పట్టలేదు. పడవ కోసం పిలిచాను, ఎవరూ రాలేదు. నేనీ నీళ్ళలో..." జియోనే ఆగిపోయింది.

ఎనెలెస్ తొడలో మందు ఎక్కించింది. యాంకో ఏడవలేదు.

"చక్కెరుందా?"

"లేదు."

"ఎవరి దగ్గరైనా?"

పక్క మడిలో టీ కాచుకుంటున్న ముసలాయన్ని ఫలేసి గట్టు మీదనుంచే కేకేసింది. ఆయన కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు. పాలు పట్టని పిల్లల ఒంట్లో చక్కెర పడిపోతుంది. ఎనెలెస్ చక్కెర తడిపి పిల్లాడి నాలుక కింద రాసింది. కాసేపు ఆగి మళ్ళీ రాసింది. ముసలాయన గుమ్మంలో నిలబడి ఇంకా కావాలా, ఇంకా కావాలా అని అడుగుతూనే ఉన్నాడు. నాలుగోసారి రాసినప్పుడు యాంకో నాలుక కదిపాడు.

"ఎత్తుకో," అంది ఎనెలెస్. "పద."

"మరి మొక్కజొన్న?" అంది జియోనే. అడిగాక తనే సిగ్గుపడి తల తిప్పుకుంది.

"నేను చూస్తాలేవే," అన్నాడు ముసలాయన. "పో."

రేవు నుంచి ఆరోగ్య కేంద్రానికి బండి మీద జియోనే, ఆమె వీపున చితెంజె గుడ్డతో కట్టుకున్న యాంకో, వాణ్ణి వెనకనుంచి పట్టుకుని ఎనెలెస్. ఫలేసికి చోటు చాల్లేదు. ఆమె అద్దెకి సైకిల్ తొక్కేవాడి వెనక కూర్చుని వచ్చింది. ఇసుకలో బండి జారినప్పుడల్లా ఎనెలెస్ పిల్లాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది.

వార్డులో మంచాలన్నీ నిండి ఉన్నాయి. నేల మీద చాప వేసి, కిటికీ చువ్వకి సెలైన్ కట్టారు. నరం దొరకడానికి చాలాసేపు పట్టింది. రెండు చేతులూ అయ్యాక పాదంలో దొరికింది. మెడికల్ అసిస్టెంటు కాగితం తీశాడు.

"పేరు?"

జియోనే అక్క వైపు చూసింది.

"యాంకో," అంది ఎనెలెస్. "యాంకో అని రాయి."

ఆమె బయటికొచ్చి అధ్యయనం డాక్టరుకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. డాక్టర్ చిసి మధ్యలో అడ్డు రాలేదు.

"అయితే ఇన్నాళ్ళుగా ఆ పేరు మీద వచ్చిన రక్తం ఎవరిది?" అన్నాడు చివరికి.

"కొంత వీడిది, కొంత వాడిది."

"ఏది ఎవరిదో తేలుతుందా?"

ఎనెలెస్ ఫోన్ పక్కకి పట్టుకుని ఫలేసిని అడిగింది.

"ఎవరికి జ్వరమొస్తే వాణ్ణి తెచ్చాం," అంది ఫలేసి. "అదంతా నాకేం గుర్తు?"

డాక్టరు ఆ మాట విన్నాడు. "తీసెయ్యాలి, ఎనెలెస్. ఆ పేరు బయటికే. ఈ పిల్లాడి ఇంజెక్షన్లు మాత్రం మన పెట్టెలోంచే వాడు, ఎన్ని కావాలంటే అన్ని. తర్వాత సంగతి నేను రాసుకుంటాను." మళ్ళీ అన్నాడు, "ఇంకెంతమంది ఇలా చేస్తున్నారంటావు?"

వరండాలో తల్లులు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని వరుసగా కూర్చుని ఉన్నారు. అందులో అధ్యయనం కార్డు చేత పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

"నాకు తెలీదు, డాక్టర్."

ఫోన్ పెట్టేశాక ఫలేసి అడిగింది, "లింబానీ పేరు కొట్టేస్తారా?"

"కొట్టేస్తారు."

"రేపు వాడికి జ్వరమొస్తే?"

"ఈ వరుసలో కూర్చోవాలి."

"ఈ వరుసలో కూర్చుంటే మాత్రలు అయిపోయాయంటారు."

"ఒక్కోసారి అంటారు."

"నువ్వు కార్డు తనిఖీకి రాలేదన్నావు."

"రాలేదు."

"కానీ అదే అయింది," అంది ఫలేసి. నడుముకి చుట్టుకున్న చితెంజె బిగించుకుని, చెల్లెలికి న్సిమా, మొక్కజొన్న సంకటి, వండడానికి వంట పాకలోకి వెళ్ళింది.

డ్యూటీ అయిపోయినా ఎనెలెస్ ఇంటికి వెళ్ళలేదు. సెలైన్ చుక్కలు చూసింది. సంచి సర్దింది. వరండా చివరిదాకా నడిచి వెనక్కి వచ్చింది. జ్వరం చూసింది, తగ్గలేదు. మళ్ళీ చుక్కలు చూసింది.

"కూర్చో అక్కా," అన్నాడు గెర్వాజియో. "నువ్వు తిరుగుతుంటే నాకు కాళ్ళు నొప్పెడుతున్నాయి."

మెడికల్ అసిస్టెంటు వచ్చి పిల్లాడి పొట్ట నొక్కి, "ఉచ్చ పోశాడా?" అని అడిగాడు.

"నిన్న రాత్రి నుంచీ లేదు," అంది జియోనే.

"పోస్తే గానీ నమ్మకం లేదు," అని అతను పెదవి విరిచి పక్క మంచం దగ్గరికి వెళ్ళాడు. జియోనే చన్ను నోటికి అందించింది. యాంకో పట్టలేదు. పాలు పిండి గరిటెతో పోస్తే కొన్ని కారిపోయాయి, కొన్ని మింగాడు. వంట పాకలోంచి అక్క పిలిస్తే జియోనే పిల్లాణ్ణి ఎనెలెస్ చేతికిచ్చి వెళ్ళింది. ఎనెలెస్ చాప మీద కూర్చుని, సూది ఉన్న పాదం కదలకుండా పట్టుకుని, వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. బరువు తెలుస్తోంది. ఒళ్ళు ఇంకా వేడిగానే ఉంది.

జియోనే పళ్ళెంతో గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఎనెలెస్ యూనిఫాం తొడ మీద తడి పాకుతోంది. జియోనే పళ్ళెం అక్కడే నేల మీద పెట్టి పరిగెత్తుకొచ్చి, తన గుడ్డ అంచుతో తుడవబోయింది.

"అయ్యో, డాక్టరమ్మా, నీ బట్టలు..."

"ఉండనీ."

"ఇలా ఇయ్యి, ఎత్తుకుంటాను."

"ముట్టుకోకు," అంది ఎనెలెస్. "మొత్తం పోయనీ."